క్యాజువాలిటీలో చేసిన ఆ చిన్న స్కాన్‌ను నమ్మొచ్చా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 27. మాది ఖమ్మం జిల్లా. పెళ్లయి మూడేళ్లయింది, ఇదే మొదటి కడుపు. చివరి నెలసరి నుంచి లెక్కేస్తే ఆరు వారాలు దాటింది. కాకపోతే నాకు నెలసరి ఎప్పుడూ వేళకు రాదు, ఒక్కోసారి 40 రోజులు కూడా పడుతుంది. మొన్న రాత్రి పొత్తికడుపులో నొప్పి, కొంచెం బ్లీడింగ్ కనిపిస్తే మావారు, అత్తయ్య కలిసి టౌన్‌లో హాస్పిటల్‌కు తీసుకెళ్లారు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ బీపీ చూసి, మంచం పక్కకే చిన్న మెషిన్ తెచ్చి స్కాన్ చేశారు. ముందు కుడివైపు పక్కటెముకల కింద చూశారు, ఆ తర్వాతే పొత్తికడుపు మీద. ఐదు నిమిషాల్లో అయిపోయింది. "కడుపులో రక్తం లేదు. గర్భసంచిలో ఇంకా ఏమీ కనిపించట్లేదు. పొద్దున పెద్ద స్కాన్ చేయిద్దాం" అన్నారు. రక్తంలో గర్భం హార్మోన్ చూసే బీటా హెచ్‌సీజీ పరీక్షలో 640 వచ్చింది. పొద్దున స్కానింగ్ డాక్టర్ కింద నుంచి కూడా చూసి, గర్భం ఎక్కడుందో ఇంకా తెలియట్లేదని రాశారు. 48 గంటలకు మళ్లీ రక్తపరీక్ష చేయించుకోమన్నారు. అత్తయ్యేమో "బిడ్డ పక్కటెముకల కింద ఉంటుందా? ఆ డాక్టరుకు బిడ్డ ఎక్కడుంటుందో కూడా తెలియదు" అంటున్నారు. ఎలాగూ నిలబడేలా లేదు, మెడికల్ షాపులో అబార్షన్ మాత్రలు తెచ్చుకుని వేసుకోమని మా ఆడపడుచు సలహా. రెండుసార్లు స్కాన్ చేస్తే బిడ్డకేమైనా అవుతుందా? నేను మంచం మీదే ఉండాలా? ఏం చేయాలో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది. (పేరు రాయవద్దు.)

జవాబు: అమ్మా, మీ మెయిల్ చూసిన వెంటనే రెండు ముక్కలు రాసి పంపాను. ఆ మాత్రలు వేసుకోవద్దనీ, 48 గంటల పరీక్ష మానొద్దనీ. అలాంటి రాత్రి గడిపినవాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి మిగతాది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అత్తయ్య గారి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది మంచి ప్రశ్న. బిడ్డ పక్కటెముకల కింద ఉండదు. ఆ డాక్టర్ అక్కడ వెతికింది రక్తం కోసం.

నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భసంచిలో కాకుండా బయట అతుక్కుంటాయి. వాటిలో 90 శాతానికి పైగా ట్యూబులోనే. అండం గర్భసంచికి చేరే దారి ఆ ట్యూబు. చాలా సన్నగా ఉంటుంది, గర్భసంచిలా సాగదు. లోపల గర్భం పెరిగేకొద్దీ ఒకనాటికి అది చిట్లే ప్రమాదం ఉంది. అప్పుడు రక్తం బయటికి రాదు, కడుపులోకి పోతుంది. ప్యాడ్ మీద నాలుగు చుక్కలే కనిపిస్తుంటాయి, లోపల మాత్రం లీటరు రక్తం పోయి ఉండొచ్చు. "బ్లీడింగ్ కొంచెమే కదా" అని ఇంట్లో వాళ్లు ధైర్యం చెప్పుకునేది సరిగ్గా ఇక్కడే.

ఇక పక్కటెముకల సంగతి. మనిషి వెల్లకిలా పడుకుంటే పొత్తికడుపులో చేరిన రక్తం కుడి పక్కగా పైకి పాకి, కాలేయానికీ కుడి కిడ్నీకీ మధ్య ఉన్న సందులో నిలుస్తుంది. మామూలుగా ఆ రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. స్కాన్‌లో ద్రవం ఏదైనా నల్లగా కనిపిస్తుంది కాబట్టి, ఆ రెంటి మధ్య నల్లటి చార పడిందంటే అక్కడ రక్తం చేరిందన్నమాట. ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ ఉండి, గర్భసంచిలో ఏమీ కనిపించక, ఆ నల్లటి చార కనిపిస్తే గైనకాలజిస్టును నిద్రలేపి థియేటర్ సిద్ధం చేయమనడానికి మరో పరీక్ష కోసం చూడనక్కర్లేదు. మీకు ఆ చార లేదు. గర్భసంచి వెనక భాగంలో కూడా ద్రవం చేరలేదని చూశాకే ఆయన "కడుపులో రక్తం లేదు" అని ఉంటారు, ఎందుకంటే కొద్దిపాటి రక్తం ముందు అక్కడే చేరుతుంది. ఆ ఒక్క మాట చెప్పగలగడానికే ఆయన ఐదు నిమిషాలు కేటాయించారు. మిమ్మల్ని పొద్దుటిదాకా ఆపొచ్చన్న ధైర్యం కూడా దానివల్లే వచ్చింది.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్న రోజుల్లో క్యాజువాలిటీలో ఈ మెషిన్ ఉండేది కాదు. ఒకసారి ఒకావిడ కడుపునొప్పి, కళ్లు తిరగడంతో వచ్చింది. ఇద్దరు పిల్లలు, పిల్లల ఆపరేషన్ కూడా అయిపోయింది. ఆపరేషన్ అయిపోయాక గర్భమేమిటని మేమెవరం మూత్ర పరీక్ష కూడా చేయించలేదు. గ్యాస్ నొప్పి అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టాం. తెల్లవారుజామున బీపీ పడిపోయాక గానీ మాకు తట్టలేదు. కడుపు నిండా రక్తం. అదృష్టం బాగుండి బతికింది. తప్పు మాదే. అప్పట్నుంచి, పిల్లలు కనే వయసులో ఉన్న ఆడమనిషి కడుపునొప్పితో వస్తే ఆపరేషన్ అయిందా లేదా అని చూడకుండా ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయిస్తాను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆడవాళ్లకు పిల్లల ఆపరేషన్ చేయించడం చాలా ఎక్కువ. అది ఫెయిలవడం అరుదే. కానీ ఫెయిలై గర్భం వచ్చిందంటే అది ట్యూబులో ఉండే అవకాశం మామూలు కంటే బాగా ఎక్కువ. ఇది చదువుతున్న అక్కలూ, వదినలూ ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇదివరకు ట్యూబులో గర్భం వచ్చినవాళ్లు, ట్యూబుకు ఏదైనా ఆపరేషన్ అయినవాళ్లు, పొత్తికడుపు ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గినవాళ్లు, కాపర్-టీ ఉండగా నెల తప్పినవాళ్లు కూడా ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు రెండో మాటకు వద్దాం. "గర్భసంచిలో ఇంకా ఏమీ కనిపించట్లేదు" అన్నారు కదా. అందులో "ఇంకా" అన్న మాట మీ ఇంట్లో ఎవరికీ వినిపించినట్టు లేదు.

క్యాజువాలిటీలో చేసే స్కాన్ బిడ్డకు ఫలానా ఉంది, ఫలానా లేదు అని తేల్చడానికి కాదు. అది అడిగేది ప్రధానంగా ఒకే ప్రశ్న: గర్భం గర్భసంచిలోనే ఉందా? ఉందని గట్టిగా చెప్పాలంటే బిడ్డ పెరిగే నల్లటి తిత్తి ఒక్కటే కనిపిస్తే చాలదు. ట్యూబులో గర్భం ఉన్నప్పుడు కూడా గర్భసంచిలో కొంచెం ద్రవం చేరి అచ్చం తిత్తిలా మోసం చేయగలదు. అందుకని తిత్తి లోపల చిన్న ఉంగరంలా ఉండే యోక్ శాక్‌నో, పిండాన్నో చూడాలి. అది గర్భసంచిలో కనిపించిందంటే ట్యూబు భయం దాదాపు తీరినట్టే. ఎమర్జెన్సీ డాక్టర్లు స్వయంగా చేసిన ఇలాంటి స్కాన్ల మీద వచ్చిన 10 అధ్యయనాలను 2010లో ఒకచోట చేర్చి చూశారు. రెండు వేలకు పైగా ఆడవాళ్లు. గర్భం లోపలే ఉందని ఎమర్జెన్సీ డాక్టర్ చూసి చెబితే ఆ మాట తప్పడం చాలా చాలా అరుదని తేలింది. ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్లు మాత్రం అక్కడితో ఆగకూడదు. వాళ్లలో ఒక గర్భం లోపల, ఇంకొకటి ట్యూబులో కలిసి ఉండటం మిగతావారికంటే ఎక్కువ.

కాబట్టి "కనిపించింది" అంటే నమ్మొచ్చు. "కనిపించలేదు" అన్నప్పుడే పని మిగిలి ఉంటుంది. పొద్దున చేసిన రెండో స్కాన్ ఆ మిగిలిన పనిలో భాగం. మొదటి డాక్టరుకు చేతకాక మళ్లీ చేయించారనుకోవద్దు. పొట్ట మీద నుంచి చూసేదాని కంటే కింద నుంచి చూస్తే స్కాన్ చేసే కడ్డీ (ప్రోబ్) గర్భసంచికి దగ్గరగా ఉంటుంది, దాదాపు వారం ముందే కనిపిస్తుంది. అలా చూసినా ఐదో వారానికి తిత్తి, ఐదున్నరకు యోక్ శాక్, ఆరో వారానికి పిండం, గుండె కొట్టుకోవడం, ఇలా ఒకదాని తర్వాత ఒకటి బయటపడతాయి.

మరి మీకు ఆరు వారాలు దాటాయి కదా, ఎందుకు కనిపించలేదు? మీరే రాశారు, నెలసరి ఒక్కోసారి 40 రోజులకు వస్తుందని. వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి వేస్తారు, అదీ 28 రోజుల చక్రం అనుకుని. అండం ఆలస్యంగా విడుదలైతే గర్భం కూడా ఆలస్యంగా నిలుస్తుంది. కాగితం మీద ఆరు వారాలున్నా అసలు వయసు నాలుగున్నరే కావచ్చు. బీటా హెచ్‌సీజీ 640 దగ్గర ఆరోగ్యంగా ఉన్న గర్భం కూడా స్కాన్‌లో కనిపించకపోవచ్చు. సాధారణంగా ఈ అంకె 1500 దాటి 3500 చేరేలోపు తిత్తి కనిపించాలని ఎదురుచూస్తాం. అలాగని 640కే స్కాన్ ఎందుకు చేశారని అనకండి. నొప్పో బ్లీడింగో ఉంటే అంకె ఎంత ఉన్నా స్కాన్ చేయాల్సిందే, తక్కువ అంకెతోనే ట్యూబు చిట్లినవాళ్లున్నారు.

రిపోర్టు మీద గర్భం ఎక్కడుందో తెలియదని రాశారంటే అది జబ్బు పేరు కాదు, ఈ రోజుకున్న పరిస్థితి. ఇక్కడి నుంచి మూడు దారులున్నాయి. గర్భం లోపలే ఉంది, ఇంకా చిన్నది. లేదా అది నిలవకుండా పోతోంది. లేదా బయట ఎక్కడో ఉంది. ఏ దారో చెప్పేది ఒక్క అంకె కాదు, 48 గంటల తేడాతో రెండు అంకెలు. మీ 640 గర్భసంచిలో బాగా పెరుగుతున్న గర్భానిదైతే రెండు రోజులకు కనీసం 950 దాటాలి, చాలామందిలో ఇంకా ఎక్కువే ఉంటుంది. తగ్గితే గర్భం నిలవట్లేదని అనుమానించాలి. పెరిగీ పెరగనట్టు ఉంటే ట్యూబు మీద కన్నేసి ఉంచాలి. ఇందులో ఒక చిక్కుంది, దాచకుండా చెబుతాను. ట్యూబులో ఉన్న గర్భాల్లో కొన్ని కూడా అచ్చం మంచి గర్భంలానే పెరుగుతాయి, కొన్ని తగ్గుతూ కూడా వస్తాయి. అందుకని 950 దాటిందని ఊపిరి పీల్చుకుని స్కాన్ మానేయకండి. ఒక వారంలో మళ్లీ చేయించుకోండి. తగ్గితే, పూర్తిగా పోయేదాకా రక్తపరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. పరీక్ష రెండుసార్లూ ఒకే ల్యాబులో చేయిస్తే మంచిది, ల్యాబు మారితే అంకెలు సరిపోలవు.

ఇంతలో ఎవరైనా తొందరపడి "పోయింది, క్లీన్ చేసేద్దాం" అంటే ఆగమని అడిగే హక్కు మీకుంది. స్కాన్‌లో గర్భం పోయిందని ఎప్పుడు చెప్పొచ్చో 2013లో నిపుణులు కూర్చుని గట్టి కొలతలు పెట్టారు. పిండం 7 మిల్లీమీటర్లు ఉండి కూడా గుండె కొట్టుకోకపోవాలి, లేదా తిత్తి 25 మిల్లీమీటర్లకు చేరి కూడా లోపల పిండం లేకపోవాలి. అంతకంటే చిన్నగా ఉంటే ఆగి మళ్లీ చూడాలి. కోరుకున్న బిడ్డను ఒక్క వారం ఓపిక లేక పోగొట్టుకోవడం కంటే ఘోరం ఏముంటుంది?

మాత్రల సంగతి. ఆడపడుచు మీ మీద ప్రేమతోనే చెప్పి ఉంటుంది. కానీ ఆ మాత్రల కిట్ గర్భసంచిలో ఉన్న గర్భం మీదే పనిచేస్తుంది, ట్యూబులో ఉన్నదాన్ని కదిలించలేదు. వేసుకున్నాక బ్లీడింగ్ అవుతుంది, నొప్పి వస్తుంది, అంతా అయిపోయిందని అందరూ అనుకుంటారు. ట్యూబులో మాత్రం గర్భం పెరుగుతూనే ఉంటుంది. చిట్లినప్పుడు వచ్చే నొప్పిని కూడా మాత్రల నొప్పే అనుకుని ఇంట్లో పడుకుంటారు. గర్భం ఎక్కడుందో తేలకముందు ఆ మాత్రలు వేసుకున్న ఆడపిల్లలను బీపీ అందని స్థితిలో తీసుకురావడం నేను చూశాను. పైగా మీది లోపల ఉన్న మంచి గర్భమే అయితే దాన్ని మీ చేత్తో మీరే తీసేసుకున్నట్టవుతుంది. ఇంట్లో తెచ్చిపెట్టి ఉంటే పారేయండి.

చాలామంది ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంటారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయికి ఎమర్జెన్సీలో డాక్టరే స్కాన్ చేశాడట, ఇక్కడ మా ఊళ్లో రాత్రిపూట వెళ్తే స్కానింగ్ డాక్టర్ లేరు, పొద్దున రమ్మంటారేమని. ఒక కారణం మనుషుల కొరత. రెండో కారణం చట్టం. కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలుసుకుని తీయించేయడం ఆపడానికి 1994లో లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి స్కాన్ మెషిన్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి, అర్హత ఉన్న డాక్టరే చేయాలి, గర్భిణికి చేసిన ప్రతి స్కాన్‌కూ ఫారం ఎఫ్ నింపాలి. మోసుకెళ్లే చిన్న మెషిన్ల మీద ఇంకా గట్టి ఆంక్షలున్నాయి. ఆ చట్టం రావాల్సిందే. దాని అవసరం తీరిపోయిందని కూడా నేననను. కానీ ఆ భయంతో కొన్నిచోట్ల క్యాజువాలిటీలో మెషిన్ పెట్టుకోవడానికే వెనకాడతారు. నిజానికి ఫారం ఎఫ్‌లో స్కాన్‌కు కారణాల పట్టికలో మొట్టమొదటిదే, గర్భం లోపల ఉందా బయట ఉందా తెలుసుకోవడం. బ్లీడింగ్ కూడా అదే పట్టికలో ఉంది. మెషిన్ రిజిస్టర్ చేయించుకుని, అర్హత ఉన్న డాక్టర్ ఉండి, కాగితాలు సరిగ్గా నింపితే ఈ పనికి చట్టం అడ్డురాదు. ఖమ్మంలో ఉన్నా, పాడేరులో ఉన్నా రాత్రి పదకొండింటికి ఆ ఐదు నిమిషాల స్కాన్ ఆడవాళ్లకు అందాలి. మీకు అందింది. స్కాన్ అప్పుడు మీ చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని ఉంటే, అది ఈ ఫారం ఎఫే.

మీ మిగతా భయాలకు జవాబులు చిన్నవే. స్కాన్‌లో ఉండేది శబ్ద తరంగాలు, ఎక్స్‌రే కాదు. రెండుసార్లు కాదు, అవసరమైతే నాలుగుసార్లు చేసినా బిడ్డకు హాని జరిగినట్టు ఎక్కడా తేలలేదు. కింద నుంచి చేసే స్కాన్ వల్ల గర్భం పోదు. ప్రోబ్ గర్భసంచి లోపలికి వెళ్లదు. మీకు ఇబ్బందిగా ఉంటే పక్కన ఆడ నర్సు ఉండాలని అడగండి, కాదనకూడదు.

మంచం మీదే ఉండాల్సిన పని లేదు. బెడ్ రెస్ట్ వల్ల గర్భం నిలుస్తుందని రుజువు కాలేదు. ఇంట్లో తిరగండి, అన్నం తినండి, ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకుంటూ ఉండండి. ఒకవేళ ట్యూబులో గర్భం అని తేలి, దాన్ని పెరగనీయకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇవ్వాలంటే మాత్రం ఫోలిక్ యాసిడ్ ఆపమంటారు. దూర ప్రయాణాలు వద్దు. గంటలో హాస్పిటల్ చేరగలిగే చోట ఉండాలి కాబట్టి ఆ మాట అంటున్నాను, కుదుపులకు గర్భం పోతుందని కాదు. బరువెత్తినందుకో, బండెక్కినందుకో ఇలా అయిందని ఎవరైనా అంటే చెవిన పెట్టకండి. మొదటి మూడు నెలల్లో నలుగురైదుగురు గర్భిణుల్లో ఒకరికి బ్లీడింగ్ కనిపిస్తుంది. వాళ్లలో సగానికి పైగా బిడ్డను క్షేమంగా కంటారు.

ప్రొజెస్టిరాన్ మాత్రలు రాశారేమో మీరు చెప్పలేదు. మన దగ్గర స్పాటింగ్ అనగానే రాసేస్తారు. 2019లో బ్రిటన్‌లో నాలుగు వేల మందికి పైగా మీద చేసిన పెద్ద పరిశోధనలో, ప్రొజెస్టిరాన్ వాడినవాళ్లలో 75 శాతం మందికి, ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 72 శాతం మందికి బిడ్డ పుట్టింది. ఉపయోగం ప్రధానంగా ఇదివరకు అబార్షన్లయి ఇప్పుడు బ్లీడింగ్ అవుతున్నవాళ్లకే కనిపించింది. మీది మొదటి కడుపు. రాయకపోతే ఏదో పోగొట్టుకున్నానని బాధపడొద్దు.

ఇక ఏవి కనిపిస్తే పరీక్ష టైమ్ దాకా ఆగకుండా బయల్దేరాలో అత్తయ్య గారికీ, మీవారికీ కూడా చదివి వినిపించండి. పొత్తికడుపులో ఒకవైపు నొప్పి పెరుగుతూ పోవడం. నిలబడితే కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం, చెమటలు పట్టి ఒళ్లు చల్లబడటం. విరేచనానికి వెళ్లాలనిపించి వెళ్తే ఏమీ కాకపోవడం. గంటకో ప్యాడ్ తడిసేంత బ్లీడింగ్. అన్నిటికంటే జనం తేలిగ్గా తీసుకునేది భుజం నొప్పి. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే పొరను తాకితే ఆ నొప్పి భుజం చివర తెలుస్తుంది. పడుకున్నప్పుడు ఎక్కువవుతుంది. జండూబామ్ రాసుకుని పడుకోకూడదు. వీటిలో ఏదొచ్చినా 108కి ఫోన్ చేయండి, బండి మీద వెనక కూర్చుని వెళ్లొద్దు, దారిలో సొమ్మసిల్లితే పడిపోతారు. వెళ్లగానే "ప్రెగ్నెన్సీ ఉంది, గర్భం ఎక్కడుందో ఇంకా తేలలేదు" అని మీవారు మొదటి మాటగా చెప్పాలి. అప్పటి స్కాన్ రిపోర్టులు, 640 అని ఉన్న కాగితం చేతిలో ఉండాలి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి ఏమీ తినకుండా, తాగకుండా వెళ్లండి. నిన్ననే స్కాన్ చేశాం కదా అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆ రాత్రి రక్తం లేదన్న మాట ఆ రాత్రికే చెల్లుతుంది, కొత్త నొప్పి వస్తే మళ్లీ ఆ పక్కటెముకల కింద చూడాల్సిందే.

ఒక్కటి అడగడం మరిచాను. మీ ఉత్తరంలో బ్లడ్ గ్రూప్ లేదు. రెండో రక్తపరీక్షకు వెళ్లినప్పుడు, ఇంతకుముందు చేయించకపోతే గ్రూపు కూడా చూడమనండి. నెగటివ్ అని తేలితే, తర్వాతి గర్భాలకు ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ కావాలా అని డాక్టర్ గారిని అడగండి. 12 వారాల లోపు కొద్దిపాటి బ్లీడింగ్‌కు అందరికీ ఇవ్వరు. ట్యూబులో గర్భమై ఆపరేషన్ చేయాల్సి వస్తే మాత్రం సాధారణంగా 72 గంటల్లోపు ఇస్తారు. రెండో అంకె రాగానే నాకు మెయిల్ చేయండి, ఏ వేళైనా సరే చూస్తాను.